మా వదిన, ఆమె ఇద్దరు కోడళ్ళు

మా ఊళ్ళో మిషను కుట్టేది నేను. మిషనమ్మ అనే పేరు మాత్రం మా వదిన కొట్టేసింది. లాంచీ దిగిన కొత్తవాళ్ళెవరైనా చేతిలో గుడ్డ పట్టుకుని "మిషనమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగితే, మావాళ్ళు ముందూ వెనకా చూడకుండా జనరేటరు షెడ్డుకి దారి చూపిస్తారు. అక్కడ చెవుల్లో దూదితో, మోచేతుల దాకా నల్లటి ఆయిలుతో, నెత్తికి గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి కనిపిస్తుంది. ఆవిడ వాళ్ళ చేతిలో గుడ్డ తీసుకుని, వెలుగుకి ఎత్తిపట్టి చూసి, "నేత దగ్గరగా ఉంది, డీజిలు వడగట్టడానికి పనికొస్తుంది" అంటుంది. ఇలా నాకెన్ని బేరాలు పోయాయో ఆవిడకి తెలీదు. తెలిసినా పట్టించుకోదు.

మాది నీళ్ళ మధ్య ఊరు. ఒడ్డున కింద వరస ఇళ్ళు, వెనక కొండ వాలు మీద పై వరస ఇళ్ళు, మధ్యలో చేపలు దాచే ఐసు గది, అంతే. అవతలి ఒడ్డున ఉన్న కరెంటు స్తంభాలు ఈదుకుంటూ ఇవతలికి రావు కాబట్టి మా కరెంటు మేమే చేసుకుంటాం. డీజిలు డ్రమ్ముల్లో వస్తుంది, లాంచీ పలక మీంచి దొర్లుకుంటూ షెడ్డుకి చేరుతుంది, షెడ్డులో ఉన్న రెండు జనరేటర్లు దాన్ని తాగి మా బల్బులు వెలిగిస్తాయి. వాటికి పెద్ద కోడలు, చిన్న కోడలు అని పేర్లు పెట్టింది వదినే. పెద్ద కోడలు బరువు మనిషి, బద్ధకంగా లేస్తుంది, లేచిందంటే మాత్రం మళ్ళీ కూర్చోదు. చిన్నది చురుకైనదే గానీ చిన్న మాటకే వేడెక్కుతుంది. "కొడుకుల్లేరు కదా అని కోడళ్ళ పోరు తప్పిపోతుందా ఏమిటి?" అంటుంది వదిన.

ఆవిడ చెవి సంగతి కూడా చెప్పాలి. నేను ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెడతానో లేదో, షెడ్డులోంచి కేక వినిపిస్తుంది.

"ఏమే పిల్లా! ఐసు గది నడుస్తుంటేనే నీకు ముడతలు గుర్తొస్తాయా?"

మిషను గొంతు కాస్త బొంగురుపోతే చాలు, ఎవరింట్లో ఏం వేశారో చెప్పేస్తుంది. డ్రమ్ము అడుగున చేరిన నీళ్ళు పారబోసి, గుడ్డలో వడగట్టనిదే ఒక్క చుక్క డీజిలు కూడా కోడళ్ళ నోట పొయ్యదు. ఇక వినయం అంటారా, పట్టపగలు దీపం పెట్టుకుని వెతికినా ఆవిడ దగ్గర దొరకదు. తనంత పనిమంతురాలు లేదని తనే చెప్పుకుంటుంది. వినేవాళ్ళు లేకపోతే మిషన్లకే చెప్పుకుంటుంది.

అసలు ఆ షెడ్డు మా అన్నయ్యది. పెద్ద మిషను ఒక్కటే ఉన్న కాలంలో దాన్ని నడిపింది వాడే. మాటకి కట్టుబడే మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది చెయ్యడు. వదిన భోజనం పట్టుకెళ్ళి, వాడు తినేదాకా అక్కడే కూర్చుని, వాడు ఏది తిప్పాడో, ఏది బిగించాడో చూస్తుండేది. ఇంటికొచ్చి నా దగ్గర వాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని అభినయించేది.

తర్వాత ఐసు గది పెద్దదయింది, ఇళ్ళు పెరిగాయి. ఊరి సంఘం రెండో మిషను కొన్నది. దాన్ని బిగించడానికి బయటినుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. రెండు మిషన్లనీ ఒకే లైనులో కలిపి నడపాలని ఆలోచన. అలా కలపడం చూడ్డానికి సులువు, చెయ్యడానికి కాదు. పరుగెడుతున్న బండిలోకి పక్కన పరుగెడుతూ ఎక్కాలంటే వేగమూ కలవాలి, అడుగూ కలవాలి. ఏమాత్రం తేడా వచ్చినా మనిషి దక్కడు. మిషన్లదీ అదే కథ. మేస్త్రీ బోర్డు బిగించాడు, బోర్డు పైన జంటలు జంటలుగా బల్బులు పెట్టాడు, మధ్యలో పెద్ద స్విచ్చు పెట్టాడు. ఈలోగా లాంచీ కూత వేసింది. ఆ స్విచ్చు ఎప్పుడు వెయ్యాలో పలక మీద నిలబడి అన్నయ్యకి ఒక్క ముక్కలో చెప్పి వెళ్ళిపోయాడు. అన్నయ్య ఆ ముక్క బట్టీ పట్టాడు.

ఆ సాయంత్రం ఊరంతా షెడ్డు ముందు చేరింది. అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని రెండు మిషన్లూ స్టార్టు చేశాడు. పై వరసకి లైను ఇచ్చాడు. కిటికీలోంచి కొండ మీదకి చూశాడు. అక్కడ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అన్నీ వెలిగాక, తృప్తిగా, స్విచ్చు వేశాడు.

ధడేల్‌మంది. నేలంతా అదిరింది. చిన్న మిషనుకి ఇంజనునీ డైనమోనీ కలిపే కప్లింగు విరిగి గోడకి కొట్టుకుంది. ఊరు చీకటైపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

మేస్త్రీకి కబురు పెట్టారు. "నేను చెప్పినట్టే చేశాడా?" అని అడిగాడు. "మీరు చెప్పినట్టే చేశాను" అన్నాడు అన్నయ్య. ఇద్దరూ నిజమే చెప్పారు. వచ్చిన చిక్కల్లా అదే. "అలాగైతే ఆ రెండు మిషన్లకీ పడదు, విడివిడిగా నడుపుకోండి" అని తీర్పు చెప్పి, కప్లింగు మార్చి, ఆ మేస్త్రీ ఆ ఉద్యోగం కూడా మానేసి ఎటో వెళ్ళిపోయాడు. మా సంఘానికి పెద్ద, ఒకప్పుడు లాంచీ నడిపిన పెద్దసరంగు. ఆయన తల పంకించి, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అన్నాడు. ఊరి పిల్లలు మా అన్నయ్యకి ధడేల్ అని పేరు పెట్టారు. పిల్లల్ని అనడమెందుకు, పెద్దవాళ్ళూ అలాగే పిలిచారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ధడేల్ చెల్లెలి దగ్గర బట్టలు కుట్టించుకోవడానికి మాత్రం సిగ్గుండదు వీళ్ళకి.

మర్నాడు అన్నయ్య మంచం దిగలేదు. ఐసు కరుగుతోంది. వదిన చేట పక్కన పెట్టి, షెడ్డుకి వెళ్ళి, పెద్ద మిషను స్టార్టు చేసింది. దారిలో ఎవడో "ఆడవాళ్ళ చేతికి మిషనా?" అన్నాడు.

"మగవాళ్ళ చేతికిచ్చి చూశారుగా, ఇక ఆడవాళ్ళ చేతికిచ్చి చూడండి" అంది.

మొగుడి మీద తనే జోకు వేసి, వాడి మీద ఇంకొకరు వెయ్యకుండా చేసింది. ఆ రోజునుంచి షెడ్డు ఆవిడదయింది. అన్నయ్య డ్రమ్ములు దొర్లించుకొచ్చి గడప దగ్గర పెట్టేవాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు.

మిషన్లు విడివిడిగానే నడిచాయి. చేపల కాలంలో పెద్ద కోడలు ఐసు గదిని మోస్తుంది, చిన్న కోడలు కింద వరసని మోస్తుంది. ఇద్దరి దగ్గరా కొంచెం కొంచెం బలం మిగులుతుంది. ఆ మిగిలిన రెండూ కలిస్తే పై వరస హాయిగా వెలుగుతుంది. కలవవు కదా! ఒక కంచంలో సగం ముద్ద, ఇంకో కంచంలో సగం ముద్ద మిగిలి, మూడో మనిషి పస్తు పడుకున్నట్టు, పై వరస చీకట్లో ఉండేది. నీళ్ళ పంపు కూడా వాళ్ళకి ఆడేది కాదు. ఒక్కో ఇల్లూ తాళం వేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళిపోవడం మొదలైంది.

చివరికి పెద్దసరంగు షెడ్డుకి వచ్చాడు.

"అమ్మాయ్, నీ మీద కోపంతో కాదు. పై వరస ఖాళీ అయిపోతే ఇక ఊరెక్కడిది? ఒక కంట్రాక్టరుతో మాట్లాడాను. ఈ రెండూ తీసుకుపోయి ఒక్క పెద్ద మిషను దింపుతాడు. నడపడానికి మనిషిని కూడా వాడే పెట్టుకుంటాడు. వచ్చే లాంచీలో వస్తారు."

వదిన చేతులు తుడుచుకుంది. మా ఇంటికొచ్చి నా కుట్టు మిషను పక్కన కూర్చుంది. నేను ఇస్త్రీపెట్టె పెట్టినా తిట్టలేదు. అంతవరకు ఆవిడ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూసినదాన్ని, ఆ రోజు ఆ మౌనం భరించలేకపోయాను.

"షెడ్డు పోతే పోయిందే. కానీ ఆ కోడళ్ళు వెళ్ళిపోతే మీ అన్నయ్య జన్మంతా ధడేల్‌గానే ఉండిపోతాడు" అంది.

అంతకు ముందు లాంచీలోనే పై వరసకి కొత్త టీచరుగారు వచ్చింది, వాళ్ళమ్మతో. ఆ వారం పై వరసకి కరెంటు లేదని చెప్పిరావడానికి వదిన కొండెక్కింది, కూడా నేనూ వెళ్ళాను. ఇలాంటి కబురు ఒంటరిగా మోసుకెళ్తే తిట్లన్నీ ఒక్కరికే పడతాయి. పొద్దు వాలుతోంది. ముసలమ్మగారు వసారాలో లాంతరు వెలిగించుకుని కూర్చుంది. గాలి విసిరింది.

"అయ్యో, దీపం కొండెక్కింది. అమ్మాయ్, అగ్గిపెట్టె తీసుకురా" అని కేకేసింది.

వదిన నవ్వింది. "ఇది కొండేగా పెద్దమ్మా! ఇంకెక్కడికి ఎక్కుతుంది?"

టీచరుగారు అగ్గిపెట్టె తెస్తూ, "దీపాన్ని ఆరిపోయింది అనకూడదట అండీ. అందుకని కొండెక్కింది అంటుంది మా అమ్మ. మీరు అనరా?" అంది.

మీరు అంటారేమో, మాకు తెలీదు. మేం పుట్టినప్పటినుంచీ బల్బుల కిందే పెరిగాం. బల్బు పోతే "పోయింది" అంటాం, అంతే. మా ఊళ్ళో కొండెక్కింది అంటే పై వరసకి లైను ఇచ్చారని అర్థం. "కరెంటు కొండెక్కిందా?" అని అడిగితే, పై వరస ఇళ్ళు వెలిగాయా అని అడిగినట్టు. ఊరందరిదీ అదే వాడుక.

వదిన నవ్వు సగంలో ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు వంకరపోయింది.

"దీపం కొండెక్కడమంటే ఆరిపోవడమా?"

"అంతేనమ్మా, ఇంకేమిటి?" అంది ముసలమ్మగారు, ఈ ఊరివాళ్ళకి భాష కూడా రాదా అన్నట్టు చూస్తూ.

వదిన అక్కడే కూలబడి టీచరుగారిని అడిగింది. రెండు మిషన్ల మధ్య బల్బులు కడితే అవి ఎప్పుడు ఆరిపోతాయి? టీచరుగారు నేలమీద వేలితో రెండు అలలు గీసింది. "రెండూ ఒకే అడుగు వేస్తుంటే మధ్యలో తేడా ఉండదు కదా. తేడా లేకపోతే బల్బుకి పనే లేదు, ఆరిపోతుంది. అడుగు తప్పితే వెలుగుతుంది" అంది. వదిన ఆవిడ గడ్డం పుచ్చుకుని ఊపేసింది. ఆ నల్లటి ఆయిలు మరక వదలడానికి టీచరుగారికి చాలా సబ్బే పట్టి ఉంటుంది.

కొండ దిగేటప్పుడు వదిన నడవలేదు, దాదాపు జారింది. అన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ, ఆ మేస్త్రీ ఏమన్నాడో మళ్ళీ చెప్పండి. ఒక్క అక్షరం పోకూడదు."

అన్నయ్య మొహం మాడ్చుకుని పాఠం అప్పజెప్పాడు. "దీపాలు కొండెక్కగానే స్విచ్చు వెయ్యి, అన్నాడు. వేశాను."

"ఏ దీపాలు?"

"పై వరస దీపాలు."

"బోర్డు మీద బల్బులు కావూ?"

"అవి మీటర్లు కనబడ్డానికి పెట్టాడుగా. అవి సరిగ్గా వెలిగింది ఎప్పుడు? పెరుగుతూ తరుగుతూ ఉండేవి. కనెక్షను లూజనుకున్నాను."

వదిన వాడి ఎదురుగా కూర్చుని, ముసలమ్మగారి లాంతరు సంగతి నెమ్మదిగా చెప్పింది. అన్నయ్య వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.  బోర్డు మీది బల్బులు బాగా వెలుగుతున్న క్షణంలో, అంటే రెండు మిషన్లూ పూర్తిగా ఎడమొహం పెడమొహంగా ఉన్న క్షణంలో, తను స్విచ్చు వేశాడని వాడికి అర్థమైంది.

"అయితే నా చెయ్యి..."

"మీ చేతిది కాదు తప్పు, మాటది" అంది వదిన. వాడు గోడకి తిరిగి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వదిన మాత్రం ఏడవలేదు, బల్బుల కోసం బయల్దేరింది.

బోర్డు మీది బల్బులు ఎప్పుడో ఊరి పాలయ్యాయి. ఏ ఇంట్లో ఏది ఉందో ఆవిడకి తెలుసు. తలుపు తట్టి, అడక్కుండానే విప్పుకుని వచ్చింది. ఒకటి నా కుట్టు మిషను పైనే ఉంది. సూదిలో దారం ఎక్కిస్తూ ఉండగానే నా నెత్తిమీద వెలుగు మాయమైంది.

మర్నాడు స్విచ్చు జోలికి పోకుండా రెండు మిషన్లూ నడిపి బల్బుల్ని చూసింది. పెరిగాయి, తరిగాయి. చిన్న కోడలి వేగం మార్చే ఆయిలు పిడిని వెంట్రుకవాసి తిప్పింది. ఇంకా నెమ్మదిగా పెరిగాయి, ఇంకా నెమ్మదిగా తరిగాయి, చీకటయ్యాయి, ఆ చీకటి కాసేపు నిలిచింది. "ఇదిగో, అడుగు కలిసింది!" అని ఆవిడ అరిచిన అరుపు నాకు ఇంటికి వినిపించింది.

పెద్దసరంగు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన భయం ఆయనది.

"పోయినసారి చిన్నదే విరిగింది. ఈసారి పెద్దది కూడా పోతే చేపల కాలమంతా ఏం చేస్తాం? లాంతరు సామెత నమ్ముకుని ఊరిని పణం పెట్టమంటావా?"

"లాంచీ రానివ్వండి. కంట్రాక్టరు మనుషులు ఉండగానే వేస్తాం. ధడేల్‌మంటే అదే లాంచీలో రెండు మిషన్లతో పాటు నన్ను కూడా ఎక్కించి పంపెయ్యండి. దింపమని అడిగితే చూడండి."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆఖరికి "సరే" అన్నాడు.

లాంచీ మధ్యాహ్నం వచ్చింది. కంట్రాక్టరు మనుషులు మోకులూ గొలుసులూ భుజాన వేసుకుని దిగారు. షెడ్డు ముందు మళ్ళీ ఊరంతా చేరింది. కొందరు చెవులు ముందే మూసుకున్నారు. కిటికీ దగ్గర చోటు నేను ఎవరికీ ఇవ్వలేదు.

చిన్న కోడలి పిడి మొండిది. వదిన చేతికి తప్ప లొంగదు. కాబట్టి స్విచ్చు దగ్గర ఇంకొకరు ఉండాలి. పెద్దసరంగు తన మనిషిని పంపబోయాడు. వదిన అడ్డుపడింది.

"మా ఆయన వేస్తారు."

జనం గొల్లుమన్నారు. అన్నయ్య గడప అవతల నిలబడిపోయాడు. వదిన దగ్గరికెళ్ళి బతిమాలలేదు, చెయ్యి పట్టుకోలేదు. తన పిడి దగ్గరికి వెళ్ళి, వాడికేసి తిరిగి, ఎదురుచూసింది. అన్నయ్య ఒకసారి మా అందరినీ చూశాడు. తర్వాత గడప దాటాడు.

రెండు మిషన్లూ స్టార్టయ్యాయి. ఆ రొదకి కిటికీ చువ్వలు నా చేతుల్లో వణికాయి. బల్బులు పెరిగాయి, తరిగాయి, చీకటయ్యాయి. అన్నయ్య చెయ్యి స్విచ్చు మీద ఉంది గానీ కదల్లేదు. చీకటి దాటిపోయింది. మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి. వాడి మెడ మీద చెమట కనిపిస్తోంది. చెయ్యి కదల్లేదు. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వినవాణ్ణి నేను ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాను.

"తొందరేం లేదండీ! చీకటెక్కడికీ పోదు, మళ్ళీ వస్తుంది!" అని అరిచింది వదిన.

పిడిని ఇంకొంచెం సవరించింది. బల్బులు ఈసారి ఎంత నిదానంగా తరిగాయంటే, లోపలి తీగ ఎర్రబడి, నల్లబడి, మాయమవడం కిటికీలోంచి కూడా కనిపించింది. పూర్తిగా చీకటి. అన్నయ్య కళ్ళు మూసుకోలేదు. బల్బుల్నే చూస్తూ స్విచ్చు వేశాడు.

ఏ చప్పుడూ రాలేదు.

నిజంగా, ఏ చప్పుడూ రాలేదు. రెండు మిషన్ల గొంతులూ ఒక్క గొంతయ్యాయి, అంతే. బల్బులు మళ్ళీ వెలగలేదు. అన్నయ్య ఇంకా స్విచ్చు పట్టుకునే ఉన్నాడు, రావలసిన దెబ్బ ఆలస్యమైందేమో అన్నట్టు.

"వదలండి ఇక! కలిసిపోయాయి!" అంది వదిన. అని చిన్నదానికి ఆయిలు పెంచింది, అది కూడా తన వంతు బరువు ఎత్తుకోవాలి కదా. ఐసు గది కంప్రెసరు వేశారు. మిషన్లు ఒక్క క్షణం మూలిగి నిలదొక్కుకున్నాయి. కింద వరసకి ఇచ్చారు. నిలిచాయి. అన్నయ్య, ఎవరూ చెప్పకుండానే, పై వరస లైను వేశాడు.

పట్టపగలు కొండ మీద దీపాలు వెలిగాయి. ఎండలో ఎవరికీ అవసరంలేని దీపాలు. ఎవరూ ఆపలేదు. పంపు ఆడి, పై వరస కుళాయిలు దగ్గి, నీళ్ళు కక్కాయి. పైనుంచి ఒకటే కేకలు. ముసలమ్మగారు బిందె ఎత్తిపట్టి ఊపడం కూడా చూశాను. నా గొంతు బొంగురుపోయేదాకా నేనూ అరిచాను, ఎందుకు అరవకూడదు?

కంట్రాక్టరు మనిషి మోకు సర్దుకుంటూ, "ఇంతకీ ఎత్తాల్సిన మిషన్లేవీ?" అని అడిగాడు.

"పనిలో ఉన్నాయి. కనబడ్డంలా?" అన్నాడు పెద్దసరంగు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ చూస్తే, ఈ ఉపాయమంతా ఆయనదే అనుకుంటారు. పోనీలే, ఒప్పుకున్నాడుగా.

జనం గడప దగ్గర మూగి అన్నయ్యని బయటికి రమ్మని పిలిచారు, ఈసారి అసలు పేరుతో. వాడు వినిపించుకోలేదు. రెండు మీటర్ల మీదా చెరో కన్ను వేసి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా కూడా కాదు ఆ రోజు, డ్రమ్ములు దొర్లించే పాతదే.

వదిన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నా మీద విసుక్కుంది, గుడ్డ ఇవ్వవేమే అని. పెద్దసరంగు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మరి అమ్మాయ్, ఇకమీదట షెడ్డు ఎవరు చూసుకుంటారు? నువ్వా, వాడా?"

వదిన ముక్కు తుడుచుకుని, లోపల ఉన్న మనిషికి కూడా వినబడేంత గట్టిగా అంది.

"రెండు మిషన్లు కదా మావయ్యా. ఇద్దరం ఉన్నాం."